పట్టా మీద రాయి ఉంటే రైలుకు ఎలా తెలుస్తుంది?

గంటకు 110 కిలోమీటర్ల వేగంతో పోయే ఎక్స్‌ప్రెస్ సెకనుకు 30 మీటర్లు దాటేస్తుంది. రాత్రిపూట ఇంజన్ హెడ్‌లైట్ మహా అయితే 300 మీటర్ల దాకా పట్టాలను చూపిస్తుంది. అంటే ముందు దుంగ పడి ఉందని లోకో పైలట్‌కు తెలిసేసరికి మిగిలేది పది సెకన్లు. కన్ను చూసింది బుర్రకెక్కి, చెయ్యి బ్రేకు మీదికి పోయి, బ్రేకు పైపులో గాలి రైలు పొడవునా దిగిపోయి చక్రాలు పట్టుకునేసరికి అందులో రెండు మూడు సెకన్లు పోతాయి. వెయ్యి టన్నుల పైబడ్డ ఆ బరువు ఎమర్జెన్సీ బ్రేకుతో కూడా దాదాపు కిలోమీటరు సాగి గానీ నిలబడదు. లెక్క కడితే, దుంగను గుద్దే క్షణానికి రైలు ఇంకా 90 పైచిలుకు వేగంలోనే ఉంటుంది.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ "డ్రైవరు చూసుకోలేదా?" అని అడిగేవాళ్లకు ఈ లెక్కే జవాబు. రోడ్డు మీద బండి నడిపేవాడు కళ్లను నమ్ముకుని నడుపుతాడు. రైలు నడిపేవాడు సిగ్నల్‌ను నమ్ముకుని నడుపుతాడు. అయితే ఆ సిగ్నల్‌కు తెలిసేదెంత, తెలియనిదెంత? పట్టాల మీద అడ్డంకులు, విధ్వంసం గురించి మాట్లాడేటప్పుడు అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పచ్చదీపం అర్థం

పచ్చ సిగ్నల్ అంటే "ముందు రైలు లేదు, పాయింట్లు (లైను మారే చోట కదిలే పట్టాలు) సరిగ్గా కూర్చున్నాయి, దారి నీదే" అని. "ముందు ఏమీ లేదు" అని మాత్రం కాదు.

రైలు ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు పద్ధతులు. మొదటిది ట్రాక్ సర్క్యూట్. లైనును ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కలో రెండు పట్టాల గుండా కొద్దిపాటి కరెంటు పంపుతారు. ఒక చివర బ్యాటరీ, ఇంకో చివర రిలే అనే విద్యుత్ మీట. కరెంటు అందినంతసేపు రిలే లేచి ఉంటుంది, లైను ఖాళీ అని లెక్క. రైలు ఎక్కగానే దాని చక్రాలు, ఇరుసు రెండు పట్టాలనూ కలిపేస్తాయి. రిలేకు కరెంటు అందదు, అది పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా రెండు ముక్కలుగా విరిగినా దాదాపుగా ఇదే జరుగుతుంది. తీగ తెగినా, బ్యాటరీ పోయినా ఎరుపే. ఏది చెడినా రైలును ఆపే వైపే చెడాలన్నది సిగ్నలింగ్ వాళ్ల మూలసూత్రం.

రెండోది యాక్సిల్ కౌంటర్. పట్టా పక్కన బిగించిన సెన్సర్లు లోపలికి వెళ్లిన ఇరుసులను, బయటికి వచ్చిన ఇరుసులను లెక్కపెడతాయి. రెండు లెక్కలూ సరిపోతే లైను ఖాళీ. వానలో, నీళ్లు నిలిచే చోట ట్రాక్ సర్క్యూట్ పెట్టే విసుగు దీనికి లేదు కాబట్టి వాడకం బాగా పెరిగింది. కానీ పట్టా విరిగిందన్న సంగతి దీనికి పట్టదు. లెక్క కుదిరితే చాలు.

పాయింట్ల దగ్గర, అంటే రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట, కాపలా ఇంకా గట్టిది. కదిలే పట్టా నాలుక వెళ్లి స్థిరమైన పట్టాకు అతుక్కోవాలి. మధ్యలో 5 మిల్లీమీటర్ల మందం ముక్క ఇరుక్కున్నా పాయింటు లాక్ కాకూడదు, సిగ్నల్ రాకూడదు. సిగ్నల్ సిబ్బంది ఆ మందం ముక్కనే పెట్టి ఎప్పటికప్పుడు పరీక్షిస్తుంటారు. ఎవరో ఆకతాయి పాయింటులో కంకర రాయి పెడితే చాలాసార్లు జరిగేది ఆలస్యమే తప్ప ప్రమాదం కాకపోవడానికి కారణం ఇదే.

ఇక ఈ వ్యవస్థకు కనిపించనివి: పట్టా మీద బండరాయి, చెట్టు మొద్దు, గ్యాస్ సిలిండర్, పశువు, మనిషి, ఊడిన క్లిప్పు. వీటిలో దేనివల్లా రిలే పడదు, ఇరుసుల లెక్క తప్పదు. రైళ్లు ఢీకొనకుండా కాపాడే కవచ్ వస్తే ఇవన్నీ తీరిపోతాయని చాలామంది అనుకుంటున్నారు. 2016లో లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ సెక్షన్లలో మన దక్షిణ మధ్య రైల్వేలోనే ప్రయాణికుల రైళ్ల మీద దాని పరీక్షలు మొదలయ్యాయి కాబట్టి మనవాళ్లకు ఆ అభిమానం ఇంకాస్త ఎక్కువ. అది మంచి వ్యవస్థే. ఎర్ర సిగ్నల్ దాటబోతే బ్రేకు వేస్తుంది, వేగం మితిమీరితే తగ్గిస్తుంది, ఎదురెదురుగా వచ్చే రెండు రైళ్లలోనూ కవచ్ ఉంటే ఢీకొనకుండా ఆపుతుంది. అది మాట్లాడేది పట్టాల మధ్య బిగించిన ట్యాగులతో, స్టేషన్లతో, సాటి ఇంజన్లతో. రాయికి రేడియో లేదు.

గుద్దాక ఏమవుతుంది

పట్టా మీద పెట్టిన ప్రతిదీ రైలును పడగొట్టదు. ఇంజన్ ఒక్కో చక్రం మీద పది టన్నుల బరువుంటుంది. ఆ బరువంతా పట్టాను తాకే చోటు చిటికెన వేలి గోరంత. నాణెం రేకైపోతుంది, కంకర రాయి చాలావరకు పిండి అవుతుంది. కానీ పిండి కాని ముక్క తూటాలా పక్కకు ఎగురుతుంది. పట్టాల పక్కన నిలబడి వీడియో తీసుకునేవాడికి రైలు కన్నా ఆ ముక్కతోనే ముప్పు.

పట్టాల నడుమ ఉన్న వస్తువును ఇంజన్ ముందుండే ఇనుప తొడుగు, అదే పశువులను పక్కకు నెట్టే క్యాటిల్ గార్డ్, తోసేస్తుంది. అది పట్టాకు నాలుగైదు అంగుళాల ఎత్తులో ఉంటుంది. దాని కిందికి జారిపోయినవాటితోనే చిక్కు. అవి లోపల కొట్టుకుంటూ బ్రేకు గొట్టాలను తెంపవచ్చు. గొట్టం తెగితే చదరపు సెంటీమీటరుకు 5 కిలోల పీడనంలో ఉన్న గాలి బయటికి పోయి బ్రేకులు వాటంతటవే పడతాయి, రైలు ఆగిపోతుంది. ఇక్కడా చెడితే ఆగడమే. అసలు భయం బరువైన ఇనుము అడుగున ఇరుక్కుని చక్రాన్ని పైకి లేపడం. చక్రాన్ని పట్టా మీద నిలబెట్టేది లోపలి అంచున అంగుళానికి కాస్త ఎక్కువ లోతుండే ఫ్లాంజ్ ఒక్కటే. పైనుంచి బరువు తగ్గి, పక్కనుంచి తోపు పెరిగిన క్షణాన ఆ అంచు పట్టానెక్కి అవతలికి దిగుతుంది.

2024 ఆగస్టు 17 తెల్లవారుజామున కాన్పూర్–భీమ్‌సేన్ మధ్య సబర్మతి ఎక్స్‌ప్రెస్ ఇంజన్ పట్టాల మీదున్న వస్తువును గుద్దింది. ఇరవైకి పైగా బోగీలు పట్టాలు తప్పాయి. ప్రాణాలేమీ పోలేదు. సెప్టెంబర్ 8 రాత్రి అదే కాన్పూర్ ప్రాంతంలో కాళింది ఎక్స్‌ప్రెస్ గ్యాస్ సిలిండర్‌ను గుద్దింది. లోకో పైలట్ ఎమర్జెన్సీ బ్రేకు వేశాడు, సిలిండర్ పక్కకు ఎగిరిపడింది, రైలు నిలబడింది. రెండు ఘటనల మధ్య మూడు వారాలే తేడా, ఫలితంలో ఇంత తేడా. వస్తువు ఏమిటి, ఎక్కడ తగిలింది, ఎటు ఎగిరింది అన్నదాని మీదే అంతా. పెట్టినవాడి లెక్కలో ఉండేవి కావు ఇవి.

ఊడదీసినది మరింత ప్రమాదం

పెట్టిన వస్తువు కనీసం కంటికి కనిపిస్తుంది. తీసేసినది కనిపించదు. మెయిన్ లైన్లలో కిలోమీటరుకు 1,660 కాంక్రీటు స్లీపర్లు, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెలు. ఒక్కో స్లీపర్ మీద పట్టాలను పట్టి ఉంచేవి నాలుగు స్ప్రింగు క్లిప్పులు. అంటే కిలోమీటరుకు 6,640. ఒక్కో క్లిప్పు టన్ను బరువుకు అటూ ఇటూగా పట్టాను స్లీపర్‌కు అదిమి పడుతుంది.

ఈ పట్టు రైలు బరువు కోసం మాత్రమే కాదు. ఇప్పుడు పట్టాలను వెల్డింగుతో కిలోమీటర్ల పొడవునా ఒకే కడ్డీగా చేస్తున్నారు. పాతకాలపు టకటకల చప్పుడు పోయింది ఇందుకే. ఎండకు ఇనుము సాగాలి, క్లిప్పులు సాగనివ్వవు. సాగలేని ఆ ఒత్తిడి పట్టాలోనే ఉండిపోతుంది. మీటరుకు 60 కిలోల బరువుండే పట్టాలో ఒక్క డిగ్రీ తేడాకు సుమారు 1.9 టన్నుల బలం పుడుతుంది. మే నెల మధ్యాహ్నం పట్టా వేడి, దాన్ని బిగించిన నాటి వేడి కన్నా 20 డిగ్రీలు పెరిగితే 38 టన్నులు. క్లిప్పులు, కంకర సడలిన చోట ఆ బలం దారి వెతుక్కుని పట్టాను పాములా పక్కకు వంచుతుంది. చలికాలం తెల్లవారుజామున ఇదే బలం తిరగబడి పట్టాను చీల్చాలని చూస్తుంది. అందుకే పాత ఇనుముకు అమ్ముకుందామని నాలుగు క్లిప్పులు పీకేవాడు తాను చేసేది చిల్లర దొంగతనమే అనుకున్నా, లైను దృష్టిలో అది అంత చిల్లర పని కాదు.

2010 మే 28న పశ్చిమ బెంగాల్‌లోని ఖేమాశులి–సర్డీహా మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది, పట్టా బిగింపులు ఊడదీసి ఉన్న చోట. దాదాపు 150 మంది చనిపోయారు. అయితే అంతమంది పట్టాలు తప్పడం వల్లనే పోలేదు. పక్క లైను మీదికి ఒరిగిన బోగీలను ఎదురుగా వచ్చిన గూడ్సు రైలు గుద్దింది.

రెండో రైలు

రైల్వే నిబంధనల పుస్తకంలో అందుకే ఈ భాగానికి అంత బరువు. బండి పట్టాలు తప్పగానే లోకో పైలట్ మొదట చెయ్యాల్సినది ఇంజన్ మీద పసుపురంగు ఫ్లాషర్ లైటు వెలిగించడం. ఎదురుగా వచ్చే ఏ డ్రైవరైనా అది చూస్తే ఆగి తీరాలి. ఆ వెంటనే వాకీటాకీలో ముందు, వెనక స్టేషన్లకు కబురు. ఆ తర్వాత ఒకరు జెండా, డిటొనేటర్లు పట్టుకుని పక్క లైను వెంట పరుగెత్తాలి. డిటొనేటర్ అంటే పట్టా మీద బిగించే చిన్న బిళ్ల, చక్రం ఎక్కగానే పెద్ద చప్పుడుతో పేలుతుంది. బ్రాడ్‌గేజీలో 600 మీటర్ల దూరాన ఒకటి, 1,200 మీటర్ల దూరాన పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టాలి.

చెప్పడానికి సులువుగానే ఉంది. చీకట్లో, కంకర మీద, వెనక జనం కేకలు వినిపిస్తుంటే 1,200 మీటర్లు పోవడానికి పది నిమిషాలు తక్కువ పట్టదు. రద్దీ లైనులో ఎదురు రైలు అంత వ్యవధి ఇవ్వదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ బోగీలు పక్క లైను మీద పడ్డప్పుడు యశ్వంత్‌పూర్–హౌరా రైలు అప్పటికే ఆ చోటును దాటుతోంది. జెండాకు అందే వ్యవహారం కాదది. కవచ్‌లో ఉన్న ఎస్‌ఓఎస్ మీట విలువ ఇక్కడ తెలుస్తుంది. రాయిని చూడలేకపోయినా, నొక్కిన వెంటనే చుట్టుపక్కల కవచ్ ఉన్న రైళ్లను ఆపగలదు.

కీమ్యాన్ నడక

యంత్రానికి కనిపించనిది మనిషికి కనిపించాలి. ఆ మనిషి కీమ్యాన్. పూర్వం ఇనుప స్లీపర్లున్న రోజుల్లో పట్టాను బిగించే ఇనుప మేకును కీ అనేవారు, అవి వదులైతే సుత్తితో కొట్టి బిగించేవాడు కీమ్యాన్. మేకులు పోయి క్లిప్పులు వచ్చాయి, పేరు మిగిలింది. రోజూ తన బీటు పొడవునా ఒక పట్టాను చూసుకుంటూ వెళ్లి, రెండో పట్టాను చూసుకుంటూ తిరిగి రావాలి. భుజాన సుత్తి, స్పానర్, మారు క్లిప్పులు, ఎర్రజెండాలు, డిటొనేటర్లు. ఊడిన క్లిప్పు, వదులైన బోల్టు, వెల్డింగు దగ్గర వెంట్రుక వాసి బీట, కంకర జారిన చోటు అతనికి కనిపించాలి. ఎండాకాలం మధ్యాహ్నాలు, చలికాలం రాత్రులు, వానాకాలం రాత్రులు విడివిడిగా పెట్రోలింగ్ ఉంటుంది. గొడవలున్న ప్రాంతాల్లో భద్రతా పెట్రోలింగ్ అదనం. ఇప్పుడు పెట్రోల్‌మ్యాన్ చేతికి జీపీఎస్ పరికరం ఇస్తున్నారు, నడిచాడా లేదా అన్నది కంట్రోల్‌కు తెలుస్తుంది.

నడిచినవాడు చూశాడా లేదా అన్నది మాత్రం ఏ జీపీఎస్ చెప్పదు. పైగా రోజుకోసారి నడిచే మనిషి వెళ్లిపోయాక పెట్టిన వస్తువును మర్నాటి దాకా చూసేవాడుండడు. మధ్యలో వచ్చిపోయే ప్రతి రైలు డ్రైవరూ, గార్డూ, గేట్‌మ్యానూ చూసేవాళ్లే. బండి ఒక చోట అసహజంగా కుదిపితే ఆ సంగతి వెంటనే స్టేషన్‌కు చెప్పాలన్న నియమం ఇందుకే. ఊడిన బిగింపు మొదట ఒంటికి తెలిసేది డ్రైవరుకే.

పట్టాల వెంట నడిచి చూసేవాళ్ల మీదున్న నమ్మకాన్నే సొమ్ము చేసుకున్న కేసు ఒకటుంది. 2024 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని కీమ్–కోసంబా మధ్య 71 క్లిప్పులు, రెండు ఫిష్‌ప్లేట్లు (పట్టాల చివరలను కలిపి పట్టే ఇనుప బద్దలు) ఊడదీసి ఉన్నాయని ట్రాక్ సిబ్బందే కబురు చేశారు. మొదట వాళ్లను అందరూ మెచ్చుకున్నారు. తర్వాత పోలీసులు సమయం లెక్క వేశారు. అంతకు ముందే అటుగా పోయిన రైలుకూ, వీళ్లు చూశామన్న సమయానికీ మధ్య అన్ని క్లిప్పులు తీయడానికి వ్యవధే లేదు. చివరికి ముగ్గురు రైల్వే ఉద్యోగులే అరెస్టయ్యారు. మెప్పు కోసం, రాత్రి పెట్రోలింగ్ డ్యూటీలు కొనసాగడం కోసం తామే తీశారన్నది అభియోగం.

ఎవరు చేస్తారు, ఎందుకు

పట్టుబడిన వాళ్లను వరసగా నిలబెడితే ఒకే ముఖం కనిపించదు. రాళ్లు విసిరేవాళ్లలో పిల్లలు, కుర్రాళ్లు ఎక్కువ. సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ 2023 జనవరి 15న మొదలు కావాల్సి ఉండగా, అంతకు నాలుగు రోజుల ముందే విశాఖ కంచరపాలెంలో ఆ రైలు అద్దాలు పగిలాయి. ఆ తర్వాత కూడా పలుమార్లు. "చిన్న రాయే కదా" అంటారు. 200 గ్రాముల రాయి గాలిలో కదలకుండా ఉన్నా సరే, 130 కిలోమీటర్ల వేగంతో వచ్చే రైలు దాన్ని గుద్దితే ఆ దెబ్బ శక్తి 130 జౌళ్లు. ఫాస్ట్ బౌలర్ 140 వేగంతో వేసిన క్రికెట్ బంతిది 120. విసిరిన చేతి బలం దీనికి అదనం. ప్యాడ్లు, హెల్మెట్ లేకుండా కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుడి ముఖం దీనికి ఎదురుగా ఉంటుంది.

వీడియోల కోసం పట్టాల మీద సైకిలు, సబ్బులు, సిలిండరు పెట్టి "ఏమవుతుందో చూద్దాం" అనే బాపతు ఇంకొకటి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి యూట్యూబర్‌ను అరెస్టు చేశారు. ఆ వీడియోల్లో అసలు అపాయం ఏమీ జరగకపోవడమే. పది వస్తువులు నుజ్జవడం చూసిన కుర్రాడు పదకొండోదాన్ని బరువు పెంచి పెడతాడు.

దొంగలది వేరే లెక్క. రాగి కోసం సిగ్నల్ కేబుళ్లు కోస్తారు. పైన చెప్పిన సూత్రం ప్రకారం సిగ్నల్ ఎర్రబడుతుంది, ప్రమాదం ఏమీ లేదనిపిస్తుంది. కానీ సిగ్నళ్లు పోయినా రైళ్లు నడవాలి. అప్పుడు అంతా కాగితం మీద, మాట మీద. ఆటోమేటిక్ సిగ్నల్ ఎర్రగా ఉంటే పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, ముందు ఏ అడ్డంకి కనిపించినా ఆగగలిగేంత నిదానంగా, బాగా కనిపిస్తుంటేనే 15 కిలోమీటర్ల దాకా వేగంతో పోవాలి. యంత్రం చేసే పని మనిషి మీద పడ్డ ప్రతిసారీ తప్పుకు చోటు పెరుగుతుంది. 2023 అక్టోబర్ 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజర్ ముందున్న పలాస ప్యాసింజర్‌ను గుద్దినప్పుడు అక్కడి ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయని స్థితిలోనే ఉన్నాయి. అది దొంగతనం వల్ల కాదు. కేబుల్ కోసిన చోట మాత్రం రైళ్లు నడిచేది సరిగ్గా ఆ స్థితిలోనే.

ఇక ఆందోళనలు. 2016 జనవరి 31న తునిలో రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టారు. ఏడేళ్లు నడిచిన కేసును 2023 మేలో విజయవాడ రైల్వే కోర్టు కొట్టేసింది. అందరి కళ్లెదుట, కెమెరాల ముందు కాలిన రైలు అది. గుంపులో ఎవరు ఏం చేశారో సాక్ష్యంతో నిలబెట్టడం ఎంత కష్టమో దీన్నిబట్టే తెలుస్తుంది.

కుట్రా, అరుగుదలా

వీటన్నిటికీ ప్రమాదం జరిగిన గంటలోనే టీవీల్లో పడే పేరు ఒకటే: కుట్ర. 2016 నవంబర్‌లో కాన్పూర్ దగ్గర పుఖ్రాయాన్‌లో ఇండోర్–పట్నా ఎక్స్‌ప్రెస్ పడి 150 మంది పోయినప్పుడు విదేశీ కుట్ర అని నెలల తరబడి చర్చ నడిచింది, జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ రంగంలోకి దిగింది. రైల్వే భద్రతా కమిషనర్ నివేదిక మాత్రం బోగీలోని యాంత్రిక లోపాన్ని ఎత్తిచూపింది. బహానగా బజార్ విషయంలోనూ మొదట వచ్చిన మాట కుట్రే. తేలింది లెవెల్ క్రాసింగ్ గేటు పనుల్లో సిగ్నల్ వైర్లు తప్పుగా కలపడం. సీబీఐ అరెస్టు చేసిన ముగ్గురూ రైల్వే సిబ్బందే. కుట్ర అన్న మాట నిర్వహణ లోపాలకు మంచి దుప్పటి. అది కప్పాక వెల్డింగు ఎవరు చేశారు, పరీక్ష ఎవరు చేశారు అని అడిగేవాళ్లుండరు.

అలాగని కుట్రలే లేవనడం కూడా తప్పే. 2024 అక్టోబర్ 11 రాత్రి చెన్నై–గూడూరు లైనులో కవరైపేట్టై దగ్గర బాగ్మతి ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను పచ్చ సిగ్నల్ ఉంది. బండి మాత్రం లూప్ లైనులోకి (స్టేషన్‌లో రైళ్లను ఆపి ఉంచే పక్క లైను) పోయి ఆగివున్న గూడ్సును గుద్దింది. పాయింటు దగ్గర బోల్టులు, నట్లు విప్పి ఉన్నట్టు దర్యాప్తులో బయటపడింది. పక్కాగా కాపలా ఉందని పైన చెప్పిన పాయింటే ఇది.

తేడా తేల్చేది నేల మీది ఆనవాళ్లు. చక్రం అంచు పట్టా తలమీద ఎక్కిన గీత ఎక్కడ మొదలైంది, అవతల ఎక్కడ దిగింది అన్నది మొదట గుర్తిస్తారు. ఆ ఎక్కిన చోటును సున్నాగా పెట్టుకుని వెనక్కి 3 మీటర్లకొక చోట గేజీ (రెండు పట్టాల మధ్య ఎడం), ఎత్తుపల్లాలు కొలుస్తారు. విరిగిన పట్టా ముఖం మెరుస్తుంటే కొత్త విరుపు. తుప్పు పట్టిన భాగం ఉంటే బీట ముందునుంచే ఉంది. విరిగిన చివరలు నలిగి చదునైతే విరిగాక కూడా చాలా చక్రాలు దాని మీదుగా పోయాయి. బోల్టు మర తెగిపోయిందా, తెగకుండా విప్పారా? క్లిప్పు దెబ్బకు ఎగిరి వంగిపోయిందా, చెక్కుచెదరకుండా పక్కన పడి ఉందా? లైను త్వరగా తెరవాలన్న తొందరలో క్రేన్లు దిగి ఈ ఆనవాళ్లు తొక్కేశాక మిగిలేవి వాదనలే. మొదటి గంటలో తీసిన ఫొటోలు, కొలతలే చివరిదాకా పనికొస్తాయి.

విచారణ చేసే కమిషన్ ఆఫ్ రైల్వే సేఫ్టీ రైల్వే శాఖ కింద ఉండదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటుంది. తన తప్పు తానే విచారించుకోకూడదని ఈ ఏర్పాటు. నేర దర్యాప్తు మాత్రం పోలీసులది. పట్టా మీద వస్తువు పెట్టడం, పట్టా ఊడదీయడం, పాయింటు కదపడం రైల్వే చట్టం 1989లోని 150వ సెక్షన్. యావజ్జీవం లేదా పదేళ్ల దాకా కఠిన శిక్ష, మొదటిసారికి కూడా మూడేళ్లకు తగ్గకూడదు. మనుషులు చనిపోతారని తెలిసి చేసి ప్రాణాలు పోతే మరణశిక్ష కూడా పడవచ్చు. ప్రయాణికులను గాయపరచాలని రాయి విసిరితే 152, పదేళ్లు లేదా యావజ్జీవం. ఈ సెక్షన్లు రాష్ట్ర ప్రభుత్వ జీఆర్‌పీ పోలీసులు చూస్తారు. రైల్వే సొంత భద్రతా దళమైన ఆర్‌పీఎఫ్ వాళ్లు రాళ్ల కేసుల్లో తరచూ ప్రయోగించే 153కి ఐదేళ్ల దాకా జైలు. రైల్ రోకోకు 174, రెండేళ్లు. ఊరికే పట్టాలు దాటినా 147 కింద ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. రైలు ప్రమాదంలో ప్రయాణికుడు చనిపోతే 8 లక్షల పరిహారానికి తప్పు రైల్వేదా, దుండగుడిదా అన్నది అడ్డు రాదు. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు.

మీ కంట పడితే

పట్టాల పక్కన ఊళ్లున్నవాళ్లు, పొలాలున్నవాళ్లు కీమ్యాన్ కన్నా ఎక్కువసార్లు లైనును చూస్తారు. పట్టా మీద వస్తువు, విరిగిన పట్టా, ఊడిన క్లిప్పులు కనిపిస్తే మొదటి పని ఆ చోటు ఏదో తెలుసుకోవడం. "మా ఊరి చెరువు దగ్గర" అంటే కంట్రోల్ రూములో ఎవరికీ అర్థం కాదు. కరెంటు లైన్లున్న చోట ప్రతి స్తంభం మీదా ఒక నంబరుంటుంది, 412/15 లాగా. మొదటిది కిలోమీటరు, రెండోది ఆ కిలోమీటరులో స్తంభం వరస. ఈ అంకె చెబితే కొద్ది పదుల మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది. దగ్గర్లో గేటుంటే గేట్‌మ్యాన్ దగ్గరికి పరుగెత్తడం అన్నిటికన్నా మేలు, అతనికి స్టేషన్ మాస్టర్‌తో నేరుగా ఫోనుంటుంది. గేటు లేకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోను చెయ్యండి. పాత రైల్వే భద్రతా నంబరు 182 2021లోనే అందులో కలిసిపోయింది. 112 కూడా పనిచేస్తుంది.

ఒకరు ఫోను చేస్తుంటే ఇంకొకరు రైలు వచ్చే వైపు పోవాలి, పట్టాల మధ్యలో కాదు, పక్కనుంచి, వీలైనంత దూరం. అడ్డంకి పక్కనే నిలబడి చెయ్యి ఊపితే పైన చెప్పిన పది సెకన్ల లెక్కే. ఎర్రగుడ్డ ఉంటే సరే, లేకపోతే రెండు చేతులూ తలపైకి ఎత్తి పట్టుకోవాలి, అది డ్రైవర్లందరికీ తెలిసిన ఆపు సైగ. రాత్రయితే సెల్‌ఫోన్ టార్చి అయినా సరే, అడ్డంగా వేగంగా ఊపాలి. డబుల్ లైనులో మన రైళ్లు ఎడమవైపు లైనులో పోతాయి కాబట్టి ఏ లైను మీద అడ్డంకి ఉందో చూసి ఎటు పరుగెత్తాలో తేల్చుకోండి. వస్తువును మీరే లాగేద్దామనిపిస్తుంది. రెండు దిక్కులా చాలా దూరం ఖాళీగా కనిపిస్తేనే, తేలికైనదైతేనే. సిలిండరు, తీగలున్నది, తెలియని పెట్టె అయితే ముట్టుకోవద్దు. తెగి వేలాడే కరెంటు తీగ దగ్గరికే పోవద్దు, అందులో 25,000 ఓల్టులుంటాయి.

కబురు అందాక కంట్రోల్ ఆ సెక్షన్‌లో రైళ్లను ఆపిస్తుంది. వస్తువు తీసేశాక కూడా మొదటి రైలు మామూలు వేగంతో పోదు. దాని లోకో పైలట్‌కు హెచ్చరిక కాగితం ఇస్తారు. ఆ స్తంభం నంబరుకు ముందే ఆగి, చూసుకుని, నడకకన్నా కాస్త ఎక్కువ వేగంతో దాటి, లైను బాగుందని తరువాతి స్టేషన్‌లో చెప్పాలి. అతని మాట వచ్చాకే వెనక రైళ్లకు వేగం తిరిగి వస్తుంది.